కొలతల పుస్తకం

రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ.
చిట్టినగర్ సొరంగం వైపు నుంచి వచ్చే గాలి
ఇస్త్రీపెట్టె మూత తెరిచినట్టుంది.
నేను మాత్రం ఫాను కట్టేసి
మా ఆయన పాత స్వెట్టరు తొడుక్కుని
హుక్కులు కుడుతున్నాను.
"సలోమి షాపుకి ఊటీ వచ్చింది" అన్నాడు
ఎదురుకొట్టు జరీల పానకాలు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నసీమా టీచరుగారు అప్పుడే వచ్చారు,
చేతిలో ఆకుపచ్చ కాలరు జాకెట్టు, మొహంలో కోపం.
"మెడ పట్టేస్తోంది సలోమీ, గుటక దిగట్లేదు.
కుర్రాడి చేత కత్తిరించావా?"

పదిహేడేళ్ళుగా ఆవిడ మెడ నా పుస్తకంలో ఉంది.
పదమూడున్నర. ఎప్పుడూ మారలేదు.
నడుం మాత్రం ఈ ఏడు రెండుసార్లు లోపలికి పట్టాను.
"బాగా చిక్కారే" అంటే మురిసిపోయారు కూడా.
ఇప్పుడు టేపు చుట్టి చూస్తే
పద్నాలుగుంపావు.
నడుం తగ్గుతూ మెడ పెరగడం
నా చేతికింద ఇంతవరకు జరగలేదు.

మంచినీళ్ళిచ్చాను.
తల కాస్త పైకెత్తి తాగమన్నాను.
గుటకతో పాటే గొంతుకింద ఏదో
లేచింది, మళ్ళీ కూర్చుంది,
లైనింగులో మరిచిపోయిన దారపుకండెలాగ.
గ్లాసు దించేటప్పుడు చెయ్యి వణికి
సగం నీళ్ళు నా కత్తిరింపుల మీద.
"సుద్దముక్క కూడా ఇలాగే వణుకుతోంది.
రాత్రిళ్ళు దడ, చెమట. వయసు కదా అనుకున్నా."

నేను డాక్టర్ని కాను.
కొలత మారింది, అంతవరకే నా చదువు.
ఎందుకు మారిందో సూర్యారావుపేటలో చెప్తారు,
వాళ్ళు చెప్పేదాకా ఈ కాలరు విప్పనన్నాను.

ఎనిమిదో రోజు కాగితాలతో వచ్చారు.
థైరాయిడ్ పరుగెడుతోందట.
రక్తం చూశారు, స్కానింగు తీశారు, మందు రాశారు.
చెప్పడం అయిపోయింది, జాకెట్టు అడుగుతారనుకున్నాను.
ఆవిడ నన్నే చూస్తున్నారు.
"ఫాను ఎందుకు కట్టేశావు?"

హాజరు పిలిచినట్టు అడిగారు ఇక.
ఆ గొంతు ఎప్పట్నించి బొంగురుపోయింది?
దువ్వెనకి ఎంత జుట్టు వస్తోంది?
మడమలు చూపించు.
నెలసరి ఎన్నాళ్ళు ఉంటోంది?
బల్లకింద దాచిన పిల్లదానిలా అన్నీ ఒప్పుకున్నాను.
మొన్న తిరనాళ్ళకి గుణదల మెట్లమీద
మూడుచోట్ల కూలబడ్డానని,
కొండెక్కకపోయినా మేరీమాత క్షమిస్తుందని అన్నాను.
"మాత క్షమిస్తుంది. నువ్వు రక్తం ఇచ్చి రా."

ల్యాబు కుర్రాడు రెండున్నర నిమిషాల్లో వదిలేశాడు.
పొద్దుట్నించి ఏమీ తినలేదంటే
"దీనికి అక్కర్లేదమ్మా" అన్నాడు.
వేడివేడి ఇడ్లీ, ఊరికే పోయింది.

సాయంత్రానికి అంకె వచ్చింది.
నాలుగున్నర లోపు ఉండాల్సింది
ముప్పై ఒకటి.
ఇంత పెద్ద అంకె, మరి ఎక్కువైందా అంటే
కాదు, పని తగ్గితే ఈ అంకె పెరుగుతుందట.
డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.
మూడోసారి నాకు నేనే చెప్పుకున్నాను:
ఆవిడ మిషను తొక్కకుండానే పరుగెడుతోంది,
నాది ఎంత తొక్కినా కదలట్లేదు.
అలిసిపోయానంటే బద్ధకమన్నారు ఇంట్లో.
లావయ్యావంటే తిండి మానేశాను.
రెండేళ్ళు,
పెడలు మీద కాళ్ళు పెట్టి
నన్ను నేనే తిట్టుకున్నాను.

రాత్రి పుస్తకం తీశాను.
వన్‌టౌన్‌లో సగంమంది ఆడవాళ్ళ
భుజాలు, చంకలు, చేతుల చుట్టుకొలతలు.
అటు తిప్పాను, ఇటు తిప్పాను.
నా పేరు లేదు.

ఖాళీ పేజీలో రాసుకున్నాను:
సలోమి. మెడ పన్నెండు ముప్పావు.
టీఎస్‌హెచ్ ముప్పై ఒకటి. తేదీ.
పెన్సిలుతోనే రాశాను,
ఆరు వారాలకి మళ్ళీ చూడాలన్నారు కదా.

మాత్ర పొద్దున్నే, పరగడుపున. రేపట్నించి.
స్వెట్టరు ఇంకా విప్పలేదు.
ఆకుపచ్చ జాకెట్టు
వంకీకి అలాగే వేలాడుతోంది,
కాలరు విప్పకుండా.